పాలపన్ను దాచిన ఫిడేలు

మా బావకి సంగీతం రాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. నలభై ఏళ్ళు ఫిడేళ్ళు చేసిన మనిషి అనగానే పొద్దస్తమానం రాగాల్లో తేలుతుంటాడని జనం ఊహించుకుంటారు. తేలడం మాట దేవుడెరుగు, స్నానం చేస్తూ కూడా ఆయన కూనిరాగం తీసి ఎరగడు. చేసిన ఫిడేలుని ఒళ్ళో పెట్టుకుని, వేలి కణుపుతో వీపు మీద తట్టి, చెవి ఆనించి వింటాడు. ఆయన సంగీతం అంతవరకే. వాయించి చూపించమని ఎవరైనా అడిగితే, "చెప్పులు కుట్టేవాడు పరిగెత్తాలా ఏంటి?" అంటాడు.

నేను ఆయన మరదల్ని, ఆయన భార్యకి చెల్లెల్ని. అమ్మ పోయాక నన్ను అక్కే పెంచింది. పెళ్ళయి వస్తూ ట్రంకు పెట్టెతో పాటు నన్నూ తెచ్చుకుంది. నన్ను చూసి బావ, "ఒకటి కొంటే ఇంకొకటి ఊరికే ఇస్తున్నారా?" అన్నాడట. అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. ఇప్పుడు యాభై మూడు. మధ్యలో ఇద్దరు పెళ్ళికొడుకులు నన్ను చూసుకోవడానికి వచ్చారు. ఇద్దరూ నా వేళ్ళ మీది వార్నిష్ మరకలు చూసి, టీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళు పోయినందుకు నేనేమీ ఏడవలేదు. ఏడవడానికి వేరే కారణాలున్నాయి.

ఇంట్లో వీధి వైపు గది కొట్టు. దాని వెనక పనిగది, ఆ వెనక మేముండే రెండు గదులు. వీటి మధ్య తలుపులు లేవు, పరదాలే. అందుకని బావ జిగురు కాచిన రోజు అన్నం కూడా జిగురు వాసన వేసేది. కొట్లో కిటికీ పక్కన గోడ నుంచి గోడకి ఒక తీగ ఉండేది. చేసిన ఫిడేళ్ళని దానికి తలకిందులుగా వేలాడదీసేవాళ్ళం. చెక్క పని బావది, వార్నిష్ పని నాది. అక్క ఆ రెండూ ముట్టుకునేది కాదు. మేమిద్దరం రాల్చిన చెక్కపొట్టు ఊడ్చుకుంటూ, మమ్మల్ని తిట్టుకుంటూ తిరిగేది.

మా కొట్టుకి పేరు రావడానికి ఫిడేలు మోత ఒక్కటే కారణం కాదు. జ్ఞాపకాలు పెట్టి చేయడం వల్ల వచ్చింది. పోయినవాళ్ళదో, దూరమైనవాళ్ళదో ఏదైనా చిన్న వస్తువు తెచ్చిస్తే, బావ దాన్ని ఫిడేలు కడుపులో, అడుగుపలకకి లోపలివైపు, గుడ్డముక్కలో చుట్టి జిగురుతో అంటించేవాడు. ఆ పైన పైపలక మూసేసేవాడు. ఇక అది బయటికి కనిపించదు. ఒకామె తన భర్త చేత్తో రాసిన చివరి చీటీ తెచ్చింది. అందులో 'సబ్బు, బ్లేడు, అగ్గిపెట్టె' అని తప్ప ఇంకేమీ లేదని ఆమే చెప్పింది. ఒక దర్జీ తన భార్య వేలి తొడుగు తెస్తే, బరువెక్కువని బావ ఒప్పుకోలేదు. ఆమె చివరిసారి సూదికి ఎక్కించి వదిలేసిన దారపుముక్క పెట్టాడు. చొక్కా గుండీ కన్నా బరువైనది ఏదీ లోపల పెట్టకూడదని ఆయన లెక్క. ఒకడు వాళ్ళ నాన్న కట్టుడుపళ్ళ సెట్టు పట్టుకొచ్చాడు. "ఇది పెడితే ఫిడేలు పాడదు నాయనా, నములుతుంది," అని బావ వెనక్కి పంపించాడు.

దీనికి కొన్ని నియమాలుండేవి. చీటీ మడత విప్పి చదవకూడదు. లోపల ఏముందో ఇంకెవరికీ చెప్పకూడదు. వస్తువు పెట్టిన ఫిడేలుకి మెడ దగ్గర ఎర్ర దారం కట్టాలి, అంటే అది ఒకరి సొత్తు, అమ్మకానికి కాదని గుర్తు. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటి. లోపల పెట్టింది ఫిడేలుది, ఫిడేలు ఎవరి చేతిలో ఉంటే అది వాళ్ళది. ఒకసారి ఒక కుర్రాడు వాళ్ళమ్మ ఫిడేలుని ఎవరికో అమ్మేసి, ఆరు నెలలకి ఏడుస్తూ వచ్చాడు. ఫిడేలు వద్దు, లోపలున్న అమ్మ వెంట్రుకలు తీసిపెడితే చాలన్నాడు. కొన్నాయన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. అక్క పరదా పక్క నుంచి బావకి సైగలు చేసింది. బావ కుదరదన్నాడు. ఒకసారి మూసింది ఊరికే తెరవనన్నాడు. ఆ రోజు అక్క అన్నం వడ్డించి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత, మా ఇంట్లో జరగాల్సింది జరిగాక, బావ ఆ కుర్రాడి కోసం చాలా చోట్ల వాకబు చేశాడు. దొరకలేదు.

జరిగింది చెబుతాను. అక్కాబావలకి ఒక్కతే కూతురు. పిచ్చుకంత ఉండేదని దాన్ని పిచ్చుక అనేవాళ్ళం. ఆరేళ్ళు నిండాక మెట్ల మీద పడి ముందరి పన్ను అంచు విరగ్గొట్టుకుంది. నెల తిరగకుండా ఆ పన్నే ఊడింది. అక్క దాన్ని కడిగి, గొంతు నొప్పి బిళ్ళలు వచ్చే చిన్న రేకు డబ్బాలో దాచింది. కొత్త పన్ను సగం మొలిచేసరికి పిల్లకి జ్వరం వచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం పోయింది. దీని గురించి ఇంతకన్నా నేను రాయలేను.

ఆ తర్వాత అక్క రోజంతా ఆ డబ్బా తెరవడం, మూయడం. రేకు మూత టక్కుమని పడే శబ్దం పనిగదిలోకి వినిపించేది. విన్నప్పుడల్లా బావ చేతిలోని ఉలి ఆగేది. ఐదు నెలలు అలా గడిచాక మా పిన్ని వచ్చి, పది రోజులు తన దగ్గర ఉంచుకుంటానని అక్కని తీసుకెళ్ళింది. డబ్బా తీసుకెళ్ళవద్దని, కాస్త తెరిపి దొరుకుతుందని బావే నచ్చజెప్పాడు. వెళ్ళే రోజు పొద్దున అక్క హడావుడిగా డబ్బా తెరిచి చూసుకుని, మూసి బీరువాలో పెట్టి, ఆ గది ఊడ్చి బయల్దేరింది.

అక్క వీధి మలుపు తిరగ్గానే బావ బీరువా తెరిచాడు. పిచ్చుక నీలం గౌను అంచు కత్తిరించి, అందులో పన్ను చుట్టి, తను చేస్తున్న ఫిడేల్లో పెట్టి మూసేశాడు. డబ్బాలో అయితే పన్ను కనిపించినప్పుడల్లా గుండెల్లో గుచ్చుతుంది, ఫిడేల్లో అయితే అక్క ఒళ్ళో పెట్టుకోవచ్చు, గోడకి తగిలించుకోవచ్చు అనుకున్నాడు. అక్కని అడగలేదు. అడిగితే ఇవ్వదని తెలుసు. నాకూ చెప్పలేదు, నియమం కదా. ఎర్ర దారం కట్టి నా చేతికిచ్చి వార్నిష్ వేయమన్నాడు, అంతే.

అదే వారం ఇంకో మామూలు ఫిడేలు కూడా వార్నిష్‌కి వచ్చింది. రెండూ ఒకే దుంగలోంచి కోసిన పలకలు, కవలల్లా ఉన్నాయి. తల దగ్గర వార్నిష్ వేయాలంటే దారం విప్పాలి. విప్పాను. వేశాక మళ్ళీ కట్టాను. కానీ తడి ఆరకముందే కట్టానేమో, దారం వార్నిష్‌కి అంటుకుపోయి సన్నటి గీత పడింది. నన్ను నేను తిట్టుకుని దారం పీకి, కిటికీ చువ్వకి చుట్టి పెట్టాను. గీత సరిచేయడానికి బద్ధకించాను. మర్నాడు ఆరాక ఆ దారం తీసి కట్టాను, రెండో దానికి. మెడ తిప్పి ఒక్కసారి గీత ఎక్కడుందో చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు.

ఆ మర్నాడు బావ చెక్క కొనడానికి వెళ్ళాడు. రెండు రోజుల పని. అప్పుడు పొడుగు గొడుగు పట్టుకుని ఒకాయన కొట్లోకి వచ్చాడు. కూతురు నేర్చుకోవడానికి ఫిడేలు కావాలన్నాడు. తీగ మీద దారం లేనిది ఒక్కటే ఉంది. తీసి, తుడిచి, చేతికిచ్చాను. ఆయన వెళుతూ గొడుగు మర్చిపోతే వీధిలోకి పరిగెత్తి మరీ ఇచ్చి వచ్చాను. ఎంత బుద్ధిమంతురాలినో చూడండి.

మర్నాడు పొద్దున అక్క వచ్చింది. చెప్పులు విప్పకుండా నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళింది. డబ్బా ఖాళీ. సాయంత్రం బావ భుజం మీద చెక్కలతో ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్క నేల మీద బోర్లా పడుకుని మంచం కింద చేత్తో తడుముతోంది. వెళ్ళే రోజు హడావుడిలో పన్ను జారి కింద పడిందనీ, తనే దాన్ని ఊడ్చి పారేసిందనీ అప్పటికే తేల్చేసుకుంది. "నా కూతురికి మిగిలింది అదొక్కటి. దాన్నీ చీపురుతో గెంటేశాను," అంది. బావ చెక్కలు దింపకుండానే కొట్లోకి పరిగెత్తాడు. ఫిడేలు తీసి చూపించి ఊరడిద్దామని కాబోలు. తీగ మీద ఎర్ర దారం ఉన్న ఫిడేలు దింపి, వేలి కణుపుతో తట్టి, నా వైపు తిరిగాడు. ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను.

పనిగదిలో గుసగుసగా నాకు సంగతంతా చెప్పాడు. అక్కకి వెంటనే చెప్పేద్దామన్నాను. "ఒక్క వారం ఆగు. వెతికి తెచ్చి చేతిలో పెట్టి అప్పుడు చెబుతా," అన్నాడు. ఆగమన్నందుకు లోలోపల నాకు ఎంత ఊరటగా ఉందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గొడుగాయన పేరేమిటని అడిగాడు. పేరడగడం మా కొట్లో ఎప్పుడూ లేదు. వారం కాస్తా నెల అయింది, నెల ఏడాది అయింది. ఇవాళ చెబితే నిన్నెందుకు చెప్పలేదని అడుగుతుంది కదా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నాం. నా నోట్లో నువ్వుగింజ నానదని అక్క ఎప్పుడూ ఎగతాళి చేసేది. ఈ ఒక్క గింజ మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళు నానింది.

ఆ ముప్పై ఒక్క ఏళ్ళూ ఇంట్లో ఏం జరిగిందంటే, అక్క ఊడ్చింది. మామూలుగా కాదు. గది మూల నుంచి మూలకి ఊడ్చి, చెత్త చేటలోకి ఎత్తి, పారేసే ముందు వేలితో కెలికి చూసేది. వారానికోసారి బీరువా జరిపించేది. పరుపు కుట్లు విప్పి దూది దులిపి మళ్ళీ కుట్టేది. బీరువా జరపడానికి ఇంకో మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేను. ఆమె ఒక పక్క, నేనొక పక్క మోకాళ్ళ మీద కూర్చుని వెతికేవాళ్ళం. అక్కడ లేదని తెలిసిన దాని కోసం నేను దీపం పట్టుకుని, మంచం కోళ్ళ సందుల్లోకి తల దూర్చి మరీ వెతికాను. "అక్కడ చూశావా?" అని అడిగితే "చూశానక్కా, లేదు," అనేదాన్ని. ఆ ఒక్కటీ అబద్ధం కాదు.

బావేమో ఫిడేలు మోగిన చోటికల్లా వెళ్ళాడు. పెళ్ళిళ్ళు, బడుల వార్షికోత్సవాలు, ఎవరింట్లోనో పిల్లల పాఠాలు, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు అన్నిటికీ వెళ్ళి ముందు వరసలో కూర్చునేవాడు. ముసలితనంలో మేస్త్రీకి సంగీతం పిచ్చి పట్టిందని వీధివాళ్ళు నవ్వుకున్నారు. ఆయన వినడానికి వెళ్ళేవాడు కాదు, చూడటానికి. వాయించడం అయ్యాక దగ్గరికి వెళ్ళి, ఒకసారి చేతికిస్తారా అని అడిగి, వీపు తట్టి చూసి, తిరిగి ఇచ్చేసేవాడు. ఇంటికొచ్చాక నేను అడిగేదాన్ని కాదు. ఆయన తల అడ్డంగా ఊపి చెప్పులు విప్పుకునేవాడు.

ఈ ఏడాది మొదట్లో అక్కకి ఊపిరి అందడం మానేసింది. గుండె అలిసిపోయిందన్నాడు డాక్టరు. వెనక గదిలో, కిటికీ వైపు తలపెట్టి పడుకోబెట్టాం. ఊడ్చే ఓపిక పోయింది కాబట్టి నన్ను పురమాయించేది. ఒకరోజు డాక్టరు బావని వీధిలోకి పిలిచి, ఇక వారాలు లెక్కపెట్టొద్దు, రోజులే అన్నాడు. ఆ రోజే అక్క నా చెయ్యి పట్టుకుని, "బీరువా కింద ఇంకొక్కసారి చూడవే. చేతిలో పెట్టుకుని పోతాను," అంది. బావ పరదా అవతల నిలబడి విన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. ఈ రాత్రి లోపల చెప్పేస్తానన్నాడు. చెప్పలేదు. ఉత్త చేతులతో ఏం చెప్పను అన్నాడు.

మూడో రోజు పొద్దున కొట్లోకి ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు, సంగీతం టీచరు. ఫిడేలు పెట్టె బల్ల మీద పెట్టి, పాత ఫిడేలండీ, వేసవి నుంచి మంద్రం తీగ మీద కమాను పడితే లోపల ఏదో గిలక్కాయలా కొట్టుకుంటోందని చెప్పింది. ఈ కొట్లో చేసిందేనని లోపల చీటీ ఉందట. బావ పెట్టె తెరిచి ఫిడేలు బయటికి తీశాడు. నేను పక్కనే నిలబడి తీగలు చుడుతున్నాను. తల కింద, మెడ మొదట్లో, వార్నిష్ మీద సన్నటి గీత. దారం అంటుకుని పీకేసిన గీత. ఇన్నేళ్ళలో ఎన్ని చేతులు తుడిచినా పోలేదు.

"బావా," అన్నాను. ఆయన అప్పటికే చెవి ఆనించి ఉన్నాడు. మెల్లగా ఒక పక్కకి వంచాడు. లోపల చిన్నది ఏదో దొర్లి చెక్కకి తగిలింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

టీచరమ్మ పాపం తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొనితెచ్చాడట. ఒక్కతే గదిలో కూర్చుని సాధన చేయాలంటే భయమని ఏడిస్తే, ఈ కొట్టు ఫిడేళ్ళలో ఎవరో ఒకరు ఉంటారట, నీకు తోడుంటారులే అన్నాడట. అప్పట్నుంచీ ఆ ఉన్నవాళ్ళకి వినిపించాలని వాయించేదాన్ని అంది. అందుకని లోపలిది తీసి పారేయొద్దు, కదలకుండా అంటించి ఇస్తే చాలంది. ఆయన తలెత్తి, తన జన్మలో ఏ కొనుగోలుదారునీ అడగని మాట అడిగాడు.

"లోపలున్నది మా పాప పన్నమ్మా. నియమం ప్రకారం అది మీదే. కొన్ని రోజులు నాకు అరువిస్తారా? మా ఆవిడ చూడాలి."

ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఫిడేలుని ఆయన వైపు జరిపి, కబురు చేసినప్పుడే వస్తానని వెళ్ళిపోయింది. పొడుగు గొడుగు గురించి నేను అడిగాను, గుమ్మం దాకా వెళ్ళి. నాన్న పోయి పదేళ్ళయిందండీ, గొడుగు ఇంట్లోనే ఉంది అంది.

పైపలక విప్పడానికి గంట పట్టింది. పల్చటి కత్తి అతుకులోకి దించుతూ, గోరువెచ్చని నీటి చుక్క వేస్తూ, అంగుళం అంగుళం తిప్పుకుంటూ వచ్చాడు. లోపల నీలం గుడ్డముక్క ఒక అంచున ఊడి వేలాడుతోంది. పన్ను అందులోంచి జారి, ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము నూగులో చుట్టుకుని ఒక మూల ఉంది. నూగు ఊది, పంచె కొసతో తుడిచాడు. పసుపురంగు తిరిగింది. అంచు మాత్రం అలాగే విరిగి ఉంది.

నేను వేణ్ణీళ్ళ గ్లాసు పట్టుకుని వెనకే వెళ్ళి పరదా దగ్గర ఆగాను. బావ మంచం మీద కూర్చుని అక్క అరచెయ్యి విప్పి పన్ను పెట్టాడు. అక్క చూడలేదు, ముందు బొటనవేలితో తడిమింది. విరిగిన అంచు తగిలింది. ఆమె ముఖంలోకి వచ్చిన వెలుగు చూసి, ఇంక చాలు, ఇక్కడితో ఆగిపోతే బాగుండు అనుకున్నాను. కానీ ఎవరైనా అడగకుండా ఉంటారా?

"ఎక్కడ దొరికింది?"

బావ చెప్పాడు. డబ్బాలోంచి తీసింది తనేనని, ఫిడేల్లో పెట్టింది తనేనని, నువ్వొచ్చాక చూపిద్దామనుకున్నానని. అక్క వింటూ ఉంది. "మరి ఆ ఫిడేలు?" అంది. బావ నా వైపు ఒక్కసారి చూశాడు.

"నేనే అమ్మేశాను," అన్నాడు.

అది అబద్ధమని చెప్పడానికి నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నోరుంది. చేతిలో గ్లాసు తప్ప అడ్డమేమీ లేదు. చెప్పలేదు.

అక్క బావ వంక తిరిగి, ఊపిరి కూడదీసుకుని, కేకలేమీ లేకుండా అంది. "ముప్పై ఒక్క ఏళ్ళు నా చేత ఇల్లు ఊడ్పించారు." గుప్పిట మూసి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఆమె నాలుగు రోజులు బతికింది. ఆ నాలుగు రోజులూ బావతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మందు తెస్తే నా చేత్తోనే తాగేది. ఆయన పక్కన కూర్చుంటే కళ్ళు మూసుకునేది. ఆయన పొద్దునా సాయంత్రం వచ్చి కాసేపు కూర్చుని, లేచి, పనిగదిలో పైపలక విప్పిన ఆ ఫిడేలు ముందు ఊరికే కూర్చునేవాడు. క్షమించిందని రాస్తే మీకూ నాకూ హాయిగా ఉండేది. క్షమించలేదు.

మూడో రోజు ఒళ్ళు తుడుస్తూ టీచరమ్మ సంగతి, తోడుందనుకుని ఆమె వాయించిన సంగతి చెబుతుంటే అక్క నా మణికట్టు పట్టుకుంది. పన్ను నా చేతిలో పెట్టింది. "టీచరమ్మకి ఇచ్చేయండి. నాతో పాటు పోతే ఎవరికీ లేకుండా పోతుంది. అక్కడైతే దానికి తోడుంటుంది," అంది. సరేనన్నాను. అక్క ఇంకా మణికట్టు వదల్లేదు. నా జుట్టు చెవి వెనక్కి సర్దింది, చిన్నప్పుడు చేసినట్టు.

"నువ్వొక్కదానివే నాతో కలిసి వెతికావే."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. 'అక్కా, ఆ దారం' అనే దాకా వచ్చింది, నాలుక మీదికి వచ్చింది. "మందు వేసుకునే టైమైంది," అన్నాను. ఆమె మందు వేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం పోయింది, పిచ్చుక పోయిన వేళకే.

పది రోజుల తర్వాత బావ జిగురు కాచాడు. వాసన ఇల్లంతా పట్టింది. తిట్టేవాళ్ళు లేరు. పన్నుని మళ్ళీ నీలం గుడ్డలోనే చుట్టి, ఈసారి గుడ్డ నాలుగు అంచులూ అదిమి అంటించాడు. నేను దీపం పట్టుకున్నాను. చేతిలో పని ఉంది కాబట్టి అడగగలిగాను. ఎందుకు అలా చెప్పావు బావా, అమ్మింది నేను కదా అన్నాను.

ఆయన జిగురు కుంచె నీళ్ళలో కడుగుతూ, నా వైపు చూడకుండా జవాబిచ్చాడు. "నేను ఎలాగూ పోయాను. తీసింది నేను, దాచింది నేను. నీ సంగతీ చెబితే మీ అక్కకి చివర్లో ఎవరు మిగులుతారు?"

నాకు ఏడుపు ఆగలేదు. దీపం కింద పెట్టేశాను. ఆయన కుంచె పక్కన పెట్టి, నువ్వేమైనా పెడతావా అని మామూలు గొంతుతో అడిగాడు, కొట్లో ఎవరినైనా అడిగినట్టు. ఫిడేలు మనది కాదు కదా అన్నాను. టీచరమ్మని నిన్ననే అడిగాను, సరేనంది అన్నాడు. చిన్న కాగితం మీద రాశాను. దారం తప్పు కట్టింది నేనేనని, అమ్మింది నేనేనని, వెతికినన్నాళ్ళూ నాకు తెలుసని. ఇంకా రాయాలనిపించింది కానీ కాగితం సరిపోలేదు. మడిచి ఇచ్చాను. ఆయన విప్పలేదు. ఒక అరచేతిలో చీటీ, ఇంకో అరచేతిలో చొక్కా గుండీ పెట్టుకుని తూచాడు. పన్ను పక్కనే అంటించి, పైపలక మూసి, బిగింపులు తిప్పాడు.

ఆరాక ఎర్ర దారం నా చేతికిచ్చాడు. కొట్లో ఉన్నది ఆ ఒక్క ఫిడేలే, అయినా మూడుసార్లు చూసుకుని కట్టాను. మెడ మీది గీత కావాలంటే పాలిష్ చేసి పోగొడతానని టీచరమ్మకి చెప్పాను. ఉండనీయండి అంది. అక్కడే నిలబడి మంద్రం తీగ మీద కమాను నిండుగా లాగింది. బావ తల వంచి విన్నాడు. "ఏమీ కదలడం లేదు," అన్నాడు. ఆమె పెట్టె మూసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇల్లు నేనే ఊడుస్తున్నాను. బావ చెక్కపొట్టు మునుపటంత రాల్చడం లేదు, పని తగ్గించాడు. మూల నుంచి మూలకి ఊడ్చి, చేటలోకి ఎత్తి, గుమ్మం దాకా వెళతాను. పారేసే ముందు వేలితో కెలికి చూస్తాను.